మెతూషెల ఊపిరి

"నీళ్లొచ్చినయా?"

నిద్ర లేవగానే చెన్నయ్య తాత అడిగే మొదటి మాట ఇదే.

"రాలే తాతా," అన్నాడు పక్కింటి లింగస్వామి, రోజూలాగే.

"అయితే జర గంజి పొయ్యి బిడ్డా. ఇయ్యాల గూడ బతకాలె."

కోడలు గోవిందమ్మ చెంచాతో పోసింది. సగం గడ్డం మీదికే కారింది. వీపంతా పుండ్లు. పక్కకు తిప్పితే ఇల్లదిరేలా అరుస్తాడు. అయినా ప్రాణం మాత్రం పోనివ్వడు, మొండి ముసలాయన!

దీనికంతటికీ కారణం ఒక పేరు. కొల్లాపూర్ దగ్గరి వాళ్ల ఊళ్లో రిజర్వాయరు కోసం సర్వే రాళ్లు పాతిన ఏడాదే తాత బాప్తిస్మం తీసుకున్నాడు. అందరికన్నా పెద్దవాడని పాస్టరు సాల్మన్ ముచ్చటపడి మెతూషెల అని పేరు పెట్టాడు. పెట్టి ఊరుకోవచ్చు కదా! 'ఇతడు చనిపోతే అది వస్తుంది' అని కొందరు ఆ పేరుకు అర్థం చెబుతారనీ, బైబిల్లో మెతూషెల చనిపోయిన ఏడాదే జలప్రళయం వచ్చిందనీ వివరించాడు. అంతే, తన ఊపిరే ఊరికి కట్ట అనుకున్నాడు తాత. మూడేళ్ల కింద పెద్ద జ్వరంలో నెల్లాళ్లు తెలివి లేదు. చూపు పోయి మంచాన పడ్డాడు. అయినా ఆ పట్టు వదల్లేదు.

గోవిందమ్మ డబ్బాలోంచి గుప్పెడు చేను మట్టి తీసి అతని అరచేతిలో పెట్టింది. నలిపి చూశాడు. పొడిగా ఉంది. నిమ్మళించాడు.

ఆమెకు ఇక ఓపిక లేకపోయింది. పాస్టర్ని పిలిపించి వాకిట్లోనే నిలదీసింది.

"మీరు పెట్టిన పేరే గద అయ్యగారూ! మామ పాణం మధ్యల ఇరుక్కున్నది. బతకలేడు, సావలేడు. నా కండ్లతోని సూడలేకపోతున్న. మీరే ఇడిపియ్యుండ్రి."

సాల్మన్ లోపలికెళ్లి తాత నుదుటి మీద నీళ్లు చల్లాడు.

"వామ్మో, నీళ్లు!" తాత ఉలిక్కిపడ్డాడు.

"చెంబు నీళ్లే తాతా. ఇయ్యాల్టి సంది నీ పేరు మెతూషెల కాదు, నోవహు. నెమ్మది అని అర్థం."

"మరి నేను పోతే నీళ్లు రావా?"

లింగస్వామి మంచం పక్కన కూర్చుని తాత చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు పోతే రావు తాతా. నా పిల్లల మీద ఒట్టు."

"అయితే నన్ను మన ఊర్లెనే, మీ అవ్వ పక్కన పెట్టుండ్రి."

"గట్లనే తాతా."

తాత ఇక గంజి వద్దన్నాడు. మధ్యాహ్నం కాకముందే పోయాడు. గోవిందమ్మ బోరున ఏడ్చింది, పాపం, మూడేళ్ల ఏడుపంతా ఒక్కసారే.

ఇచ్చిన మాట కోసం లింగస్వామీ, సాల్మనూ శవాన్ని పునరావాస కాలనీ నుంచి ట్రాక్టరులో ఒడ్డుకు తెచ్చి, పుట్టిలోకి ఎక్కించి, మూడేళ్ల కింద మునిగిపోయిన ఊరి మీదుగా, అవ్వ సమాధి ఉన్న చోటు దాకా తెడ్డేసుకుంటూ వెళ్లారు.