పదకొండో పీపా

“ముందు ముక్కు. నోరు తర్వాత,” అన్నాడు బల్దోమెరో, గ్లాసు అందిస్తూ.

బెగోన్యా ఇంకా పైకే చూస్తోంది. చర్చి అంత ఎత్తున స్తంభాలు. వాటి మధ్య ఒకదానిపై ఒకటి మూడు వరసల్లో నల్లటి వైన్ పీపాలు. ఇసుక నేల మీద చల్లిన నీళ్లు. వైన్‌కు పేరుపడ్డ హెరేస్ ఊరు చూడడానికి వచ్చిన ఆరుగురిని గేటు దగ్గరే “ఏం పని చేస్తారు?” అని అడిగి, ఐదుగుర్ని గుమాస్తాకు అప్పజెప్పి, సబ్బులకు సుగంధాలు కలిపే ఈమెను తన వెంట తెచ్చుకున్నాడు ఈ వైన్ గోదాం చూసుకునే ఆ ముసలాయన.

“అడుగు వరస పీపా ఎప్పుడూ ఖాళీ కాదు. తీసినంత పై వరస నుంచి నింపుతాం. మా ముత్తాత పోసిన చుక్క ఇంకా అందులోనే ఉంది.”

“అమ్మో! మా బిల్బావ్‌లో సబ్బు మూడు నెలలకే పాతదైపోతుందండీ.”

“మరి నీ సబ్బు అరుగుతుందిగా అమ్మాయీ, ఇది పెరుగుతుంది.”

ఆవేళ పన్నెండు కొత్త పీపాలకు సుద్దతో గుర్తులు పెట్టాలి. సున్నితమైన వైన్‌కు ఒక గీత, బరువైనదానికి రెండు, పులిసినదానికి ఇంటూ. పులిసింది ఒక్కటి కలిసినా వందేళ్ల వరస మునుగుతుంది. నిరుడు బల్దోమెరో గుర్తు పెట్టినవాటిలో అలాగే ఒకటి జారిపోయింది. “ఇంకోటి జారితే తాళాలు ఇచ్చేసి ఇంటికెళ్లు,” అని యజమాని తేల్చి చెప్పేశాడు.

బల్దోమెరో పొడుగు పుల్ల చివరి గిన్నెతో వైన్ తోడి, తల ఎత్తు నుంచి చుక్క జారకుండా గ్లాసులో పోశాడు. కళ్లు మూసుకుని దీర్ఘంగా పీల్చాడు. తర్వాత ఆమెకిచ్చాడు.

“మీకేం తెలిసిందండీ?”

“నేను చెబితే నా మాట నీ ముక్కులో కూర్చుంటుంది. నువ్వు చెప్పు.”

“పచ్చి బాదం... తడి పిండి... సముద్రం!”

“సెబాష్!” ఒక గీత.

పెరట్లో ఎవరో చిట్టి రొయ్యల అట్లు వేస్తున్నారు. “అబ్బ, ఏం ఘుమఘుమ!” అందామె. “ఊఁ, తర్వాతది చూడు,” అన్నాడాయన.

పదకొండో పీపా దగ్గర ఆమె ఆగింది. ఆయన చేతిలో సుద్ద గాల్లోనే నిలిచిపోయింది.

“నిదానంగా అమ్మాయీ. తొందరేం లేదు.”

“బాదం ఉంది. కానీ కింద ఏదో గుచ్చుతోంది... గోళ్లరంగులా.”

“ఖాయమా?”

“ఖాయమే.”

ఇంటూ పడింది. ఆయన నుదురు తుడుచుకున్నాడు.

“మీకు ముందే తెలుసు కదూ? నన్ను పరీక్షించారు!”

“ముసలాళ్ల సరదా,” అని నవ్వి, రొయ్యల అట్టు తెప్పించి పెట్టాడు.

గేటు దగ్గర గుమాస్తాతో ఆమె అంది: “ఊరంతా ఒక ఎత్తు, ఆయన ముక్కు ఒక ఎత్తు. పాఠం చెబుతున్నట్టే ఉండదు, మనకే అన్నీ తెలిసొస్తాయి.”

రెండేళ్ల కిందటి జ్వరం తర్వాత బల్దోమెరోకు ఏ వాసనా తెలియడం లేదు.