ఎడమవైపు వంపు

“దాన్ని ముట్టుకోకండి.”

దారాలకొట్టు పెద్దమ్మ బల్ల మీదుగా వంగి, అప్పుడే లోపలికొచ్చిన ఒకావిడ చేతిలోంచి మంచుపువ్వుని లాక్కుంది.

ఆవిడ ఖాళీ అయిన తన వేళ్ళవంక చూసుకుని నవ్వింది. అరవై దాటి ఉంటాయి. భుజాన సంచీ, రెండో చేతిలో రైలు టికెట్టు.

“ఊరికే చూద్దామనమ్మా.”

“చూడ్డానికి కళ్ళు చాలు. దాని విలువ మీకు తెలీదు.”

“అంత విలువా దీనికి?” ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది.

విలువే మరి. స్టేషన్ వెయిటింగ్ హాలు కిటికీకి పన్నెండు అద్దాలు. చలికాలం రాగానే ఒక్కో అద్దానికీ తెల్లదారంతో అల్లిన మంచుపువ్వు ఒకటి వేలాడేది. వాటికి పెట్టిన గంజి రుచి మరిగిన ఎలుకలు ఈ ఏడు పదకొండింటిని కొట్టేశాయి. మిగిలింది ఇదొక్కటే.

“అచ్చం ఇలాంటివే పదకొండు కావాలి. నాలుగు రోజుల్లో,” అని చెప్పి, దీన్ని నమూనాకిచ్చి వెళ్ళాడు స్టేషన్ మాస్టర్. “కుదరకపోతే చెప్పండి, ఎదురు కొట్లో ప్లాస్టిక్‌వి కొని తగిలిస్తాను. ఎలుకల బాధా ఉండదు.”

ప్లాస్టిక్ మాట విన్నప్పటినుంచి పెద్దమ్మకి ముద్ద దిగడం లేదు.

మూడు రోజులుగా తనూ, చెల్లెలి కూతురూ అల్లుతూనే ఉన్నారు. రేపు సాయంత్రంతో గడువు ఆఖరు. ఆరు రేకులూ సరిగ్గానే వస్తున్నాయి. కానీ పాతదాని రేకులు గాలిమరలా ఎడమకి వంగితే, వీళ్ళవి కుడికి వంగుతున్నాయి. తిరగేసి చూస్తే వంపు కలుస్తుంది, వెనకవైపు ముడులన్నీ ముందుకొచ్చి పళ్ళికిలిస్తాయి.

“ఈ సూది మంచిది కాదే,” అంది పెద్దమ్మ.

“ఇది నాలుగో సూది పెద్దమ్మా. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే.”

“నోరు కాదు, చెయ్యి ఆడించు. కుడిచెయ్యి.”

అమ్మాయి గబుక్కున సూదిని ఎడమచేతిలోంచి కుడిచేతికి మార్చుకుంది. ఆమెది పుర్రచేతి వాటం. అల్లిక నేర్చుకున్న మొదటిరోజే పెద్దమ్మ ఆ చేతిమీద ఒక్కటి వేసి, “పుర్రచేత్తో అల్లితే దారం అలుగుతుంది,” అంది. ఆ చెయ్యి అప్పటినుంచీ బల్లకింద దాక్కునే ఉంటుంది.

“బండికి ఇంకా గంట టైముంది,” అంది వచ్చినావిడ. “బయట చలి కోసేస్తోంది. కాసింత దారం ఇస్తే ఇక్కడ కూర్చుంటానమ్మా, ఊసుపోతుంది.”

పెద్దమ్మ తప్పుగా వచ్చిన పువ్వొకటి విప్పేసి, ఆ ముడతల దారమే ఇచ్చింది. “ఇదైతే పాడుచేసినా పర్లేదు.”

ఆవిడ తలుపు పక్కన స్టూలుమీద కూర్చుని, జుట్టు ముడిలోంచి క్రోషా సూది తీసింది. ఎడమచేత్తో.

పెద్దమ్మ అమ్మాయి చెవిలో గొణిగింది. “ఇదిగో, నీకు తోడు దొరికింది.”

ఆవిడకి వినబడనే వినబడింది. “నన్నూ కొట్టేవాళ్ళమ్మా చిన్నప్పుడు. ఆ చేత్తో రాయకూడదన్నారు, సరే అన్నాను. అల్లకూడదని మాత్రం దారం ఎప్పుడూ అనలేదు.”

అమ్మాయికి నవ్వొచ్చింది. పెద్దమ్మకి రాలేదు.

బండి కూత వినిపించగానే ఆవిడ లేచి, సూదిని మళ్ళీ ముడిలో గుచ్చుకుంది.

“మీ దారం స్టూలుమీద పెట్టాను. వస్తానమ్మా.”

“చలి కాచుకోడానికి వచ్చి, దారం చిక్కుచేసి పోయింది,” అంది పెద్దమ్మ తల కూడా ఎత్తకుండా.

అమ్మాయి స్టూలు దగ్గరికి వెళ్ళింది. అక్కడున్నదాన్ని తెచ్చి, పాతదాని పక్కన పెట్టింది.

ఆరు రేకులు. ఎడమవైపు వంపు. ముడులన్నీ వెనక్కి.

పెద్దమ్మ చెప్పులైనా వేసుకోకుండా స్టేషన్‌కి పరుగెత్తింది. అప్పటికే బండి ఆఖరి పెట్టె మలుపు తిరుగుతోంది.

రొప్పుతూ తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది.

“ఏదీ, నీ చెయ్యి ఇలా చూపించు.”

“ఏ చెయ్యి పెద్దమ్మా?”

“తెలిసే అడుగుతావేం? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను.”

తర్వాత దారం అలగలేదు. మర్నాడు సాయంత్రానికి అమ్మాయి ఎడమచేత్తో పది పువ్వులు అల్లింది. పెద్దమ్మ వాటికి గంజి పెట్టి, గుండుసూదులతో అట్టమీద సాగదీసి ఆరబెట్టింది. ఆవిడ వదిలిపోయినదానితో కలిపి సరిగ్గా పదకొండు.

“ఏం చూపే ఆవిడది,” అంటూనే ఉంది పెద్దమ్మ స్టేషన్‌కి వెళ్ళే దారి పొడుగునా. “చేతిలో పట్టుకున్నదెంతసేపని? నేను లాక్కునేలోపే అచ్చు దించేసింది.”

హాల్లో స్టేషన్ మాస్టర్ బల్లెక్కి ఒక్కో పువ్వూ తగిలించాడు. ఏవి కొత్తవో, ఏది పాతదో ఆయనే పోల్చుకోలేకపోయాడు.

“ఇక ఏటా మీరే చెయ్యాలి,” అన్నాడు.

పెద్దమ్మ అమ్మాయి ఎడమచెయ్యి పట్టుకుని పైకెత్తింది. “నన్నడక్కండి. దీన్నడగండి.”

ఆయన నవ్వుతూ దిగాడు. “అవునూ, నిన్న మీ కొట్టుకి ఒకావిడ వచ్చిందా? ముడిలో సూది గుచ్చుకుని?”

“వచ్చింది. నేను పేరైనా అడగలేదు. ఎవరండీ ఆవిడ?”

“ముప్పై ఏళ్ళ కిందట ఈ హాలు ఊడ్చి, ఈ అద్దాలు తుడిచి, బండికీ బండికీ మధ్య ఇక్కడే కూర్చుని ఆ పన్నెండూ అల్లింది ఆవిడే. మిగిలిన ఒక్కదాన్నీ ఒకసారి చేత్తో పట్టుకోవాలనుందంటే, మీ కొట్లో ఉంది వెళ్ళమని నేనే పంపించాను.”