గుట్ట పక్క ఇల్లు

కిటికీ అరుగు మీద ఆరోజు కూడా పాలముంత కనపడేసరికి డెర్వ్లాకు ఒళ్ళు మండింది. వరసగా ఇది తొమ్మిదోరోజు. పక్కనే వెన్నముద్ద, వేడి రొట్టె. పెట్టిన మనిషి జాడ మాత్రం లేదు.

గుట్టల కింద కాపురముండే మాయజనం గురించి పుస్తకం రాయడానికి ఆమె డబ్లిన్ నుంచి ఈ కొనెమారా పల్లెకు వచ్చింది. నెలాఖరులోగా ఇరవై కథలు పోగుచెయ్యకపోతే విద్యాలయంలో కొలువు ఊడుతుంది. ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదు. ఆ ఊసెత్తితే చాలు, ఊరంతా నోటికి తాళం వేసుకుంటుంది. దారిలో ఎదురైతే తలవంచుకుని పక్కకు తప్పుకుంటారు. అలాంటివాళ్ళు ఊరికే పాలు పెడతారా? మంచి చేసుకుని సాగనంపే ఎత్తు కాకపోతే!

ఒకరి సాయం పుచ్చుకోవడం డెర్వ్లా ఒంట్లోనే లేదు. ఎవరి గొడవా ఉండకూడదని, ఊళ్ళోవాళ్ళెవరూ కాపురముండని ఆ గుట్ట పక్క ఇల్లే ఏరి కోరి తీసుకుంది. పొయ్యి రాజెయ్యడం ఆమెకు రాదు. నేర్పమని అడగడం అంతకన్నా రాదు. ఊళ్ళో పొగ లేవని ఇల్లు అదొక్కటే. తెచ్చుకున్న బిస్కట్లు నములుతూ, రోజూ సాయంత్రం టేపు పట్టుకుని గుట్ట చుట్టుకొలతలు తీసేది. పాలు కిటికీలోనే విరిగిపోయేవి.

పదోరోజు గుట్ట దిగుతుంటే కాలు మడతపడింది. పాక్కుంటూ ఇల్లు చేరి మంచాన పడింది. బిస్కట్లు నిండుకున్నాయి. రెండురోజులు గడిచాక, పొద్దున్నే తలుపు చప్పుడైంది. ఆ ఊరి ముసలావిడ నూలా. ఓ చేతిలో పాలముంత, ఇంకో చేతిలో ఇనప పటకారు. డెర్వ్లా గోడవైపు జరిగింది.

"అదెందుకు తెచ్చారు?"

"దారికి ఇనుము తోడుంటుందని తల్లీ. మీ గడప దాటించన్లెండి." పటకారు బయటే వదిలేసి వచ్చింది.

"రోజూ ఇవన్నీ పెట్టేది మీరేనా?"

"ఇంటికో రోజు చొప్పున వంతులేసుకున్నాం. ఉప్పు తగలనివ్వలేదండీ. మీకు పడదుగా."

"పడదని ఎవరు చెప్పారు?"

నూలా మంచం పక్కన కూర్చుంది. వాచిన మడమకేసి చూసి, "నన్ను ముట్టుకోనిస్తారా?" అని అడిగింది.

తనను కనిపెట్టి చూస్తున్నారని డెర్వ్లాకు తెలిసిపోయింది. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు. కానీ ఆకలి ముందు అనుమానం ఎంతసేపు నిలుస్తుంది? కాలు చాపింది.

 ముసలావిడ నొప్పి తెలియకుండా కట్టు కట్టింది. డెర్వ్లా రెండు చేతులా ముంత ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగింది. ఇన్నాళ్ళూ ఇంత మంచి మనుషుల్ని అనుమానించానే అని సిగ్గుతో చితికిపోయింది.

"మీ పాలన్నీ పాడుచేశాను. తప్పయింది, పెద్దమ్మా."

"ఇప్పటికైనా పుచ్చుకున్నారు. అంతే చాలు." నూలా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "ఊళ్ళో చెబితే పండగ చేసుకుంటారు."

డెర్వ్లా కళ్ళు తుడుచుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

"ఇంకొక్క సాయం చెయ్యండి. గుట్ట కిందివాళ్ళ కథ ఒక్కటి చెప్పండి. లేకపోతే నా బతుకు వీధిన పడుతుంది."

నూలా తెల్లబోయి చూసింది.

"గుట్ట కింది మీవాళ్ళ కథలు మీకే నేను చెప్పడమేంటి, తల్లీ?"