పెట్టె తీసి మాట్లాడండి

"ముందు ఆ పెట్టె తీసేసి మాట్లాడండి మత్తయి గారూ!"

గుడివాడలో తన ఇంట్లో మైకు ముందు కూర్చుని గోవర్ధనరావు గట్టిగానే అన్నాడు.

సాయంత్రం పూట హామ్ రేడియోలో, ఎవరింటి నుంచి వాళ్ళు మాట్లాడుకుంటూ, కలుసుకునే మిత్రులు ఒకరి తర్వాత ఒకరు నవ్వారు.

ఈ మత్తయి ఎవరో పాలకాయతిప్ప నుంచి కొత్తగా వస్తున్నాడు. సన్నటి మాటని పెద్దది చేసే సర్క్యూటు పెట్టె సొంతంగా కట్టుకున్నాడట. మాట ఆపాడంటే చాలు, వెనకున్న అలల హోరు, కోళ్ళ గోల అన్నీ పెద్దవై చెవుల్లో పడతాయి.

"మీ కోడి బ్రహ్మాండంగా వినపడుతోంది మావయ్యా, మీరే వినపడటం లేదు!" బందరు నుంచి అయ్యప్ప అందుకున్నాడు.

"పెట్టె తీస్తే... అస్సలు వినపడనండీ. గోవర్ధనరావు గారితో... ఒక్క మాట..."

"తీశాకే ఆ మాట."

అలాంటి సర్క్యూట్లు కట్టడంలో గోవర్ధనరావుకి పేరుంది. శబ్దంలో నలుసు కూడా ఓర్చుకోలేడు.

చిన్నప్పుడు తుఫానులో, దివిసీమలో తల్లితో డాబా మీద చిక్కుకుంటే, ఎవరో రేడియోలో కేక పెట్టబట్టే పడవ వచ్చింది. ఆ మనిషెవరో ఎంత వెతికినా తెలియలేదు. రోజూ ఆ డాబా సంగతి చెప్పి, ఆయన్ని తలుచుకునే గాని గోవర్ధనరావు కబుర్లు మొదలుపెట్టడు.

అమ్మ ఆ రోజు ఒంటిమీది ఎర్రచీర విప్పి ఊపిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పే సంగతి కాదు.

మర్నాడు మత్తయి పెట్టె తీసేశాడు.

ఎవరో బటన్ నొక్కినట్టు రేడియోలో సిగ్నల్ చూపే ముల్లు లేచింది. మాట లేదు. ముల్లు పడిపోయింది.

నాలుగైదు సాయంత్రాలు అదే వరస.

"ఎవరండీ బటన్ నొక్కి ఊరికే కూర్చునేది? దారి వదలండి!" కసిరాడు గోవర్ధనరావు.

ఆ తర్వాత ముల్లు లేవలేదు.

వేసవిలో గోవర్ధనరావు పాలకాయతిప్ప బీచికి వెళ్తూ, ఒక రేకుల ఇంటి పక్క కొబ్బరిచెట్ల మధ్య ఏరియల్ తీగ చూసి ఆగాడు.

"మత్తయి గారి ఇల్లేనా అండీ?"

"ఆయన ఈస్టరుకి ముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు బాబూ," అంది ఆయన భార్య ధనమ్మ. "గొంతుకి ఆపరేషన్ అయ్యాక గుసగుసే మిగిలింది. అందుకే ఆ పెట్టె కట్టుకున్నారు."

పెట్టె కిటికీలో ఉంది. గోవర్ధనరావు మూత తీసి చూశాడు.

ఒక్క రెసిస్టరు మారిస్తే హోరు తగ్గేది. ఆ మాట చెప్పడానికి నిమిషం పట్టదు.

"ఇంతకీ మీరెవరు బాబూ?"

"గుడివాడండీ. గోవర్ధనరావు అంటారు."

ధనమ్మ దగ్గరికొచ్చి అతని మొహంలోకి చూసింది.

"మీరేనా... 'నేను పడవని పిలిచిన రోజు డాబా మీద ఎర్రచీర ఊపిన తల్లి బాగుందో లేదో ఆయన్ని అడగాలే' అంటూ మా ఆయన రోజూ ఆ బటన్ నొక్కేవారు బాబూ."