రాళ్ళు ఏరిన పాఠం

వేసవి సెలవుల్లో నరసింగరావు మాస్టారు తన బ్లాగును దులపడానికి కూర్చున్నాడు.

రెండు జిల్లాల్లో సైన్సు చెప్పేవాళ్ళు పొద్దున్న లేచి తెరిచే బ్లాగు అది. టీచర్లకు పాఠ్యప్రణాళికలు, పిల్లలకు నమూనా ప్రశ్నపత్రాలు, వినడానికి ఆడియో పాఠాలు. అన్నీ ఉచితమే. కానీ పుస్తకాలు మారాయి. "పాతవి తీసేయండి మాస్టారూ, పిల్లలు తికమక పడుతున్నారు" అని కామెంట్లు మొదలయ్యాయి.

మాస్టారి తండ్రికి బొబ్బిలి బజారులో బియ్యం కొట్టు ఉండేది. కదలని బస్తా కొట్టులో ఉంటే కదిలే బస్తాకి చోటుండదు అనేవాడాయన. కొడుకు బడిపంతులైనా ఆ లెక్క మరిచిపోలేదు. పాత ఆడియో పాఠాలు నెలాఖరుకి తీసేస్తున్నామని బ్లాగు నెత్తిన ప్రకటన పెట్టాడు.

ఏ పాఠాన్ని ఎందరు వింటున్నారో చూసుకుంటూ పోయాడు. అన్నీ సున్నాలే, ఒక్కటి తప్ప. ఏడో తరగతి, విత్తనాల వ్యాప్తి. దాన్ని ఎవరో రోజూ వింటున్నారు.

ఆశ్చర్యమే. శృంగవరపుకోట దగ్గర పల్లెలో పనిచేసే రోజుల్లో, చొక్కా జేబులో ఫోను పెట్టుకుని క్లాసులోనే రికార్డు చేసింది అది. సగం పాఠం, సగం గోల. బెంచీల చప్పుడు, కిటికీలో కాకి. పైగా ఎవడో కుర్రాడు ప్రశ్న పూర్తికానివ్వడు. "గాలికి ఎగిరే గింజ..." అనగానే "నాను సెప్తాను సారూ! జిల్లేడు!" అని అరుస్తాడు. క్లాసంతా నవ్వు. ఆ మీదట మాస్టారు కసరడం.

ప్రకటన పెట్టిన వారంలోనే ఫోను వచ్చింది.

"బ్లాగు బాబేనేటండి?"

"అవునమ్మా, చెప్పండి."

"నా పేరు దేవమణి. గింజల పాటం తీసేస్తారని మా పక్కింటి ఉష సదివి సెప్పినాది. అదొక్కటీ ఉంచీండి బాబూ. మిగతాయి ఏటి సేసుకున్నా సరే."

"అది పాత సిలబస్ అమ్మా. పరీక్షలో రాదు. ఎవరికి కావాలి?"

"నాకే బాబూ."

"మీకా! ఎంతవరకు చదివారు?"

"సంతకం వరకే. తోట పని నుంచొచ్చి, ఉష ఫోనులో ఎట్టించుకుని ఇంటాను. అది ఇంటే గాని అన్నం దిగదు."

ఫోను పెట్టేశాక మాస్టారి మొహం వెలిగిపోయింది. ఎదురింటి పృథ్వీరాజ్ ఇప్పుడు మాస్టారు పనిచేసే బడిలోనే లెక్కలు చెబుతాడు. అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"అంగన్‌వాడీ ఆయా పోస్టుకి సదువుతన్నాదేమో బావా. ఇంక మా అమ్మనీ పంపుతాను, నీ బ్లాగులో సేర్చుకో."

"నవ్వకోయ్. ఊరికే పంచే కొట్టుకి ఇంతకంటే మంచి ఖాతా ఎక్కడ దొరుకుతాది?"

అలాంటి మనిషికి రాళ్ళ బియ్యం కొలవడమా? నమ్మకమైన ఖాతా వస్తే తండ్రి బియ్యం చేటలో పోయించి, చెరిగించి, రాళ్ళు ఏరించి మరీ ఇచ్చేవాడు. పైగా విత్తనాల పాఠం కొత్త పుస్తకంలోనూ ఉంది, వేరే తరగతిలో. చేసేది ఒక్క పని, లాభం రెండు వైపులా.

కొత్త మైకు తెచ్చాడు. తలుపులు వేశాడు, ఫ్యాను ఆపాడు. మాటకు మాట అదే పాఠం, నిదానంగా చెప్పాడు. బెంచీలు లేవు, కాకి లేదు. ప్రశ్న తనదే, జవాబూ తనదే. పాతదాని చోట దాన్ని ఎక్కించాడు. ఫోను నిండిపోయిందని అందులోని పాత రికార్డులన్నీ తుడిచేశాడు. మనసు తేలికైంది. మంచి బేరం చేసినట్టు ఆ రోజు కమ్మగా భోంచేశాడు.

బడి తెరిచాక ఒక మధ్యాహ్నం దేవమణి వచ్చింది. శృంగవరపుకోటలో బస్సెక్కి, దారి అడుక్కుంటూ. జీడితోటలో పిక్కలు ఏరే కూలి మనిషి. వేళ్ళు జీడిసొనకి నల్లబడి ఉన్నాయి. మాస్టారు ఊహించినంత వయసు లేదు.

"మీరేనా అమ్మా! రండి, కూర్చోండి. కొత్త పాఠం విన్నారా?"

"ఇన్నాను బాబూ." ఆమె స్టాఫ్ రూం గుమ్మం దాటలేదు. "ఇది కాదు నాను అడిగింది."

"అదే పాఠం. ఒక్క ముక్క మార్చలేదు."

"పాతదే ఎయ్యండి బాబూ. మీ కాళ్ళట్టుకుంటాను."

మాస్టారికి చిన్నబుచ్చినట్టయింది. "అందులో గోల తప్ప ఏముందమ్మా? మీకోసమే కూర్చుని అదంతా ఏరేశాను. పాతది ఇప్పుడు నా దగ్గర కూడా లేదు. తుడిచేశాను."

"ఎక్కడా నేదా?"

"ఎక్కడా లేదు."

దేవమణి గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుంది. పృథ్వీరాజ్ నీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"జిల్లేడని మీరే సెప్పేశారేటి బాబూ?"

మాస్టారు నవ్వబోయాడు. "మరెవరు చెప్పాలమ్మా?"

"మా పిల్లడు ఎలీషాగాడు బాబూ... నిరుడు వానల్లో జొరానికి పోనాడు, ఆడి గొంతు ఆ పాటంలో తప్ప నాకింకెక్కడా నేదు."