ముక్కు మీద నేరం

ఆదివారం మధ్యాహ్నం భార్య నిద్రపోగానే పని ముగించెయ్యాలని అతను నిశ్చయించుకున్నాడు.

ఆయుధం సిద్ధంగా ఉంది. దుకాణంలో పాడైన టైంపీసులోంచి సన్నటి స్టీలు తీగ తీసి, చివర బుల్లి ఉంగరంలా వంచి, గీసుకోకుండా అంచులు అరగదీసి, చొక్కా జేబులో దాచుకున్నాడు. ఇక కావలసింది ధైర్యమొక్కటే.

ఆమె ముక్కుకి ఎడమ పక్కన, సరిగ్గా మలుపు దగ్గర ఉంది అది. ఒకే ఒక్క బ్లాక్‌హెడ్.

అతను గడియారాలు బాగుచేసేవాడు. డయల్ మీద నలకంత దుమ్ము కనిపించినా ముద్ద దిగని మనిషి. అలాంటివాడికి, చందమామలాంటి కొత్త పెళ్లాం మొహం మీద నల్లటి చుక్క! అదీ రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో పాటు జానెడు దూరంలోకి వచ్చి నిలబడుతుంది. ఆమె ఏవేవో కబుర్లు చెబుతుంటే అతను ఊఁ కొడుతూ చుక్కకేసే చూస్తుండేవాడు. ఒక్కోరోజు అది కాస్త పైకి జరిగినట్టుండేది. ఒక్కోరోజు కాస్త ఒళ్లు చేసినట్టుండేది. పొద్దస్తమానం భూతద్దంలో చూసే కళ్లు కదా, అలిసిపోయాయిలే అనుకునేవాడు.

అడిగి తీసెయ్యొచ్చు కదా అంటే, ఒప్పందం అడ్డు. ఆ ఒప్పందం పెట్టిందీ తనే.

కాపురానికొచ్చిన మొదటి పొద్దున ఆమె అతని మొహంలో మొహం పెట్టి కన్నార్పకుండా చూసింది. అతను ముద్దు కోసం కళ్లు మూసుకున్నాడు.

“ఏమండీ, మీ ముక్కు నిండా గసగసాలు చల్లినట్టున్నాయి! ఆవిరి పట్టించి ఒక్కటంటే ఒక్కసారి నొక్కుతానండీ, ప్లీజ్!”

అతను మంచం అవతలికి దూకాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ వేడి తువ్వాలుతో వెంటపడితే అటకెక్కి సాయంత్రం దాకా దిగని ఘనుడు. ముక్కు ముట్టుకుంటే ప్రాణం పోయినంత పని చేస్తాడు. వెంటనే తల్లిని మధ్యవర్తిగా కూర్చోబెట్టి తేల్చేశాడు. ఈ ఇంట్లో ఎవరి ముక్కు వాళ్లదే. ఎవరు ముందు చెయ్యి వేస్తారో వాళ్ల ముక్కు ఇక అవతలివాళ్ల పరం. ఆవిరి పట్టించినా, నొక్కినా, పీకినా కిక్కురుమనకూడదు.

“సరే, మీ ఇష్టం” అంది ఆమె బుద్ధిగా. బడిలో చిన్నపిల్లలతో వేగే టీచరు, ఓపికకేం లోటు!

“వాడి ముక్కు జోలికి పోకమ్మా, ఏడుస్తాడు” అని తల్లి కూడా కొడుకు పక్షమే మాట్లాడింది.

హమ్మయ్య అనుకున్నాడు. వారం తిరక్కుండా ఆమె ముక్కు మీద ఈ చుక్క మొలిచింది. అప్పట్నుంచీ అతనికి మనశ్శాంతి లేదు.

ఈ ఆదివారం కాలం కలిసొచ్చింది. ఆమెకి జలుబు చేసింది. అత్తగారు గిన్నెడు మరిగిన నీళ్లు తెచ్చిపెడితే, దుప్పటి ముసుగేసుకుని ఆవిరి పట్టి, సోఫాలో వెల్లకిలా పడి గురక మొదలుపెట్టింది. అతని ఒళ్లు పులకరించిపోయింది. ఆవిరికి చర్మం మెత్తబడుతుంది, రంధ్రాలు తెరుచుకుంటాయి. మూత ఊడదీసిపెట్టిన గడియారంలా సిద్ధంగా ఉంది ముక్కు!

పిల్లిలా వంటింట్లోకి వెళ్లాడు. తల్లి స్టవ్ మీద ఇంకో గిన్నె పెడుతోంది.

“అమ్మా, రెండు నిమిషాల పని. నువ్వేం చూడలేదు, సరేనా?”

“ఒరేయ్, పట్టుబడ్డావంటే నీ ముక్కు నీది కాదు. ఆలోచించుకో.”

“తను కదిలితే నువ్వు గిన్నె చప్పుడు చెయ్యి. పారిపోతా.”

తల్లి నిట్టూర్చింది. “కన్నాక తప్పుతుందా! కానీయ్.”

అతను సోఫా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని వంగాడు. చుక్క బాగా ఉబ్బింది. అంచులు కరిగినట్టున్నాయి కూడా. బాగా నానిందన్నమాట, ఇక తీయడమే ఆలస్యం అని మురిసిపోయాడు. ఊపిరి బిగబట్టి, తీగ ఉంగరాన్ని చుక్క చుట్టూ ఆనించి, మెల్లగా ఇవతలికి లాగాడు.

చుక్క ఊడి రాలేదు. గడియారంలో నిమిషాల ముల్లులా సాగి, చెంప దాకా గీతైంది.

ఇదేంట్రా అనుకునేలోపు గురక ఆగింది. అతని మణికట్టు ఆమె గుప్పిట్లో ఉంది.

“దొరికారు!”

“అది కాదోయ్... దోమ... వాలితేనూ...”

“దోమకి భూతద్దం ఎందుకండీ? చెప్పండి, ఒప్పందం ముందు తప్పిందెవరు?”

అతను వంటింటివైపు దీనంగా చూశాడు. “అమ్మా! గిన్నె చప్పుడు చెయ్యమన్నానుగా!”

తల్లి వచ్చింది. చేతిలో పొగలు కక్కుతున్న రెండో గిన్నె, భుజాన తువ్వాలు. గిన్నె బల్ల మీద పెట్టి, జడముడిలో దోపుకున్న నల్లటి ఐబ్రో పెన్సిల్ తీసి కోడలికి అందించింది.

“ఇదిగో నీ పెన్సిల్, కళ్లజోడు దొరక్క రోజూ నీ ముక్కు మీద ఆ చుక్క పెట్టలేక చచ్చాను, వీడు అటకెక్కిన రోజు నుంచీ కాచుక్కూచున్నా, కాళ్లు నేను పట్టుకుంటా, ముక్కు నువ్వు పట్టుకోవే అమ్మాయ్!”