రెండు స్టార్ల కారు

"వదినా, నీకేమైనా పిచ్చా?" అంది ఆడపడుచు, షోరూంలో అందరికీ వినబడేలా.

ఆమె మాత్రం మూలనున్న ఆకుపచ్చ కారు పక్కనుంచి కదల్లేదు.

"దానికి రెండు స్టార్లు రావడమే గగనం," అన్నాడు భర్త. వారం రోజులుగా ఆయన భోజనం దగ్గర కూడా ఫోనులో కార్ల రివ్యూలే చూస్తున్నాడు. "ఇంజను రొద భరించలేమని అందరూ మొత్తుకుంటున్నారు. కారంటే అదిగో, అదీ!"

షోరూం మధ్యలో తెల్లకారు మెరుస్తోంది. బ్యాటరీతో నడిచేది. సేల్స్‌మన్ ఆమెను అందులో కూర్చోబెట్టి తలుపు మూశాడు.

"ఆన్ చేశాను మేడమ్. తెలిసిందా?"

తెలియలేదు. చెవులు రిక్కించి విన్నా ఏసీ గాలి తప్ప ఏమీ లేదు.

"పేరున్న రివ్యూలన్నిట్లో ఇదే మాట మేడమ్. గుమ్మం ముందుకొచ్చి ఆగినా ఇంట్లోవాళ్ళకి తెలియదట!"

ఆమె చటుక్కున దిగిపోయింది.

"సీటు గట్టిగా ఉంది," అంది.

ఆడపడుచు ఎక్కి ఊగి చూసింది. "దూదిలా ఉంటేనూ!"

"తెల్లరంగు మాసిపోతుంది."

"ఎర్రది కూడా ఉంది మేడమ్."

"డిక్కీ చిన్నదేమో."

సేల్స్‌మన్ డిక్కీ తెరిచాడు. కాపురం పెట్టేంత చోటుంది.

"వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు," అంది చివరికి. "చప్పుడు లేకుండా వచ్చేస్తే ఎలా?"

"మరి హారన్ ఎందుకు పెట్టారు తల్లీ?" అన్నాడు భర్త. అందరూ నవ్వారు.

రివ్యూలు ఆమె కూడా చదివింది. ఆయన ఆఫీసుకెళ్ళాక, వంటింటి గట్టుకి ఆనుకుని. మెచ్చుకోళ్ళు ఎక్కువున్న కారు ఆయన వెతికితే, తిట్లు ఎక్కువున్న కారు ఆమె వెతికింది. ఈ ఆకుపచ్చదాన్ని తిట్టినట్టు రివ్యూలవాళ్ళు దేన్నీ తిట్టలేదు.

కూతురు ఆమె కొంగు వదలకుండా నిలబడింది. "మన పాత కారులాంటిదే కొందాం నాన్నా. దూరం నుంచే తెలుస్తుంది."

"ఎందుకు తెలియదమ్మా! డొక్కు బండివాడు వస్తున్నాడని వీధి వీధంతా తెలుస్తుంది." ఆయన కూతురి తల నిమిరాడు. ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"పాతవాటి మీద మమకారం సార్, ఆడవాళ్ళకి," అని సర్దిచెప్పబోయాడు సేల్స్‌మన్.

"మమకారమా, పాడా! ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి," అంది ఆడపడుచు. "నువ్వు సుఖంగా తిరగాలని అన్నయ్య తాపత్రయం. మా ఆయనైతే సైకిలు బెల్లు కూడా కొనిపెట్టడు. దేనికైనా రాసిపెట్టి ఉండాలి వదినా."

ఆమె ఇంకోసారి ప్రయత్నించింది. "ఆ ఆకుపచ్చది ఒక్కసారి నడిపి చూడండి. నా కోసం."

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందామా?" నవ్వుతూనే అడిగాడు ఆయన.

"వద్దులెండి. తెల్లదే తీసుకోండి," అంది.

తెల్లకారు వచ్చింది. ఇరుగుపొరుగు తడిమి తడిమి చూశారు. పాతదాన్ని ఒక మెకానిక్ తోలుకుపోయాడు. మలుపు తిరిగి కనుమరుగయ్యాక కూడా దాని దగ్గు వినిపిస్తూనే ఉంది. అది పూర్తిగా ఆగేదాకా ఆమె గేటు పట్టుకుని నిలబడింది.

"డొక్కు కారుకి కన్నీళ్ళు కూడానా!" అంది పక్కింటావిడ.

మర్నాడు సాయంత్రం పిల్లలిద్దరూ టీవీ గట్టిగా పెట్టుకుని, దిండ్లతో కొట్టుకుంటూ పకపకా నవ్వుతున్నారు. దిండు తగిలి గ్లాసు బోర్లాపడింది. సోఫా అంతా నీళ్ళు.

"చాలర్రా, ఇల్లు పీకి పందిరేస్తున్నారు!" అంటూ తుడవడానికి వంగిందామె. ఆమెకీ నవ్వాగలేదు.

ఉన్నట్టుండి కొడుకు నవ్వు మధ్యలో తెగిపోయింది.

ఆమె తలెత్తేసరికి ఆయన గుమ్మంలో నిలబడి చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు. పాత కారైతే వీధి మలుపులోనే మొత్తుకుని, ఆమె పిల్లలిద్దరినీ వెనకగదిలో పెట్టి గడియ వేసి, తనొక్కతే ఆయనకి ఎదురయ్యేంత వ్యవధి ఇచ్చేది.